లోడ్ చూసి చెప్తాను

మావయ్య పోయాడని హైదరాబాదు నుంచి ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను కౌంటర్లో ఉన్నాను. ఖరగ్‌పూర్ స్టేషన్లో రిజర్వేషన్ టికెట్లు ఇవ్వడం నా ఉద్యోగం. కిటికీ అవతల హిజ్లీ కాలేజీ క్యాంపస్ నుంచి వచ్చిన తెలుగమ్మాయి ఒకతె నిలబడి ఉంది. "అయ్యో, ఎప్పుడు, ఎలాగ" అని అనవలసినవన్నీ అని, ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, ఆ పిల్లకి సికింద్రాబాదు టికెట్ కొట్టి ఇచ్చాను. ఆ వెనక నిలబడ్డవాళ్ళకి కూడా ఇచ్చాను. ముందే చెప్పేస్తున్నాను, నాకు ఏడుపు రాలేదు.

సాయంత్రానికి ట్రాఫిక్ అని పిలుచుకునే మా రైల్వే కాలనీ అంతా తెలిసిపోయింది. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనికొచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు మావి. ఒకరి ఇంట్లో గ్లాసు పడితే నాలుగిళ్ళకి వినిపిస్తుంది. "పైలట్‌గారు పోయినారట" అని చెప్పుకున్నారు. పైలటూ లేదు, గియిలటూ లేదు. మావయ్య అంటే మా అమ్మకి తమ్ముడు. కలకత్తాలో డమ్‌డమ్ విమానాశ్రయంలో ప్రభుత్వ విమానాల కంపెనీ కౌంటర్లో కూర్చుని జనం పెట్టెలకి చీటీలు కట్టేవాడు. నేనూ కౌంటర్ వెనక కూర్చునేదాన్నే కాబట్టి ఆ పనిని తక్కువ చేసి మాట్లాడను. మనిషిని మాత్రం మాట్లాడతాను.

పైలట్ అన్నది మొదట ఎవరో వెక్కిరింపుగా పెట్టిన పేరు. ఆయన కాదనలేదు. వెక్కిరింపు అని తెలిసీ కాదనలేదో, నిజంగానే గౌరవం అనుకున్నాడో నాకిప్పటికీ తెలియదు. రెండోదే అయి ఉంటుంది. పొగడ్త పుల్లిస్తరాకులో పెట్టి ఇచ్చినా కళ్ళకద్దుకుని తీసుకునే మనిషి.

ఏం మాట్లాడినా కుడిచెయ్యి ముందుకు చాచి, అరచేతిని ఏటవాలుగా పైకి లేపేవాడు, విమానం లేచినట్టు. ధరలు పెరిగాయన్నా అదే చెయ్యి. పక్కింటివాళ్ళ పిల్ల మెట్రిక్ పాసయిందన్నా అదే చెయ్యి. మా అమ్మమ్మ చావు కబురు చెప్పినప్పుడు కూడా ఆ చెయ్యి అలాగే లేచింది, అమ్మ చూసి మొహం తిప్పుకుంది. ఇంక ఆ నోటి వెంట రోజుకి వందసార్లు వచ్చే మాట "నేషనల్ కేరియర్". మా కంపెనీ అనేవాడు కాదు, నేషనల్ కేరియర్ అనేవాడు. ఆ మాట అనేటప్పుడు గొంతు మారిపోయేది. జాతీయగీతం పాడేటప్పుడు నిలబడినట్టు ఒంట్లో ఎముకలన్నీ నిలబడేవి.

కలకత్తాలో ఆయన క్వార్టర్‌కి వెళ్తే కుర్చీలో కూర్చోగానే వంగి అడిగేవాడు, "టీ ఆర్ కాఫీ?" అని. కాఫీ అంటే అత్త లోపల్నుంచి "కాపీ పొడి నేదు" అని అరిచేది. మళ్ళీ వెళ్తే మళ్ళీ అదే ప్రశ్న. ఆ ఇంట్లో కాఫీ పొడి నేను ఎన్నడూ చూడలేదు. చెంచాలన్నీ కంపెనీవి, దుప్పట్లు కంపెనీవి, ఆఖరికి మరుగుదొడ్లో సబ్బుబిళ్ళ కూడా కంపెనీదే. కూతురికి చెవులు కుట్టించిన రోజు వచ్చినవాళ్ళందరికీ పట్టకారుతో వేడివేడి తడి తువ్వాళ్ళు ఇప్పించాడు. జ్యేష్ఠమాసం, ఉక్కపోత, కరెంటు లేదు. మా నానమ్మ ఆ తువ్వాలు పట్టుకుని "ఒలమ్మో, ఇదేటే, ఒల్లు కాల్సడానికా?" అని కేకేసి కింద పడేసింది. మావయ్య మూతి ముడుచుకుని, "పల్లెటూరి మనుసులు, ఏటి తెలుస్తాది" అన్నాడు. ఆయనేదో పారిస్‌లో పుట్టినట్టు. పుట్టింది ట్రాఫిక్‌లో, రైలింజను డ్రైవరు ఇంట్లో.

రైలంటే ఆయనకి అంత చీదర. హౌరా నుంచి లోకల్ ఎక్కి వచ్చేవాడు, టికెట్ కొనకుండానే. తాతయ్య కొడుకని టీటీఈలందరికీ తెలుసు మరి. దిగీ దిగగానే జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకునేవాడు. మా ప్లాట్‌ఫారం ఎంత పొడుగో దేశమంతా చెప్పుకుంటుంది కదా, దానికి ఆయన మాట: "పొడుగుంటే ఏటి? కంపు కూడా అంతే పొడుగున్నాది." ఎక్కించుకొచ్చిన రైలుని, పెంచి పెద్ద చేసిన రైలుని అలా అనడానికి నోరెలా వచ్చిందో! మా నాన్న గూడ్సు గార్డు. ఆయన ఎదుటే అనేవాడు. నాన్న నవ్వి ఊరుకునేవారు.

ఒకసారి విమానాశ్రయం చూపిస్తానని మమ్మల్ని పిలిచాడు. కాలేజీ రోజులు, నేనూ అక్కా సరదాగా వెళ్ళాం. కౌంటర్ పక్కన మమ్మల్ని నిలబెట్టి, టై సర్దుకుని కూర్చున్నాడు. ఒక ముసలి బెంగాలీ దంపతులు పరుగెత్తుకుంటూ వచ్చారు. కాస్త ఆలస్యమయ్యారు. వాళ్ళు ఎక్కవలసిన విమానం అసలు ఇంకా రానేలేదు, బోర్డు మీద రాసి ఉంది. మావయ్య పెన్నుకి మూత పెట్టి, "కౌంటర్ క్లోజ్డ్" అన్నాడు. ఆ పెద్దాయన చేతులు జోడించి, "దాదా, విమానమే రాలేదు కదా" అని బెంగాలీలో బతిమాలుతున్నాడు. మావయ్య సొరుగులోంచి సందేశ్ మిఠాయి తీసి కొరుక్కుని, తీరిగ్గా నములుతూ మావైపు తిరిగి తెలుగులో అన్నాడు, "ఓసారి ఏడిపిస్తే గాని ఈల్లకి మరియాద తెల్దు." ఆ ముసలావిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాక చీటీలు కట్టాడు. కట్టి, మా మెప్పు కోసం చూశాడు.

ఆ కంపెనీని ఎవరు ముంచారని పేపర్లు చాలా రాశాయి. మంత్రులన్నారు, అప్పులన్నారు, అక్కర్లేని విమానాలు కొన్నారన్నారు. అవన్నీ నాకు తెలియవు. మా ఇంట్లోంచి వెళ్ళిన మనిషి మాత్రం తన వంతు తాను ముంచాడు. ఇది నేను నా కళ్ళతో చూశాను.

ఇక అక్క సంగతి. దీనికోసమే ఇదంతా, మిగతా చెంచాలూ తువ్వాళ్ళూ పోనిద్దురూ.

అక్క ఇక్కడే రైల్వేవాళ్ళ తెలుగు బళ్ళో చదివి, బి.ఇ.డి. చేసింది. అండమాన్‌లో తెలుగువాళ్ళు ఎక్కువ, అక్కడ సర్కారు బళ్ళో తెలుగు టీచరు ఉద్యోగం వచ్చింది. ఫలానా తేదీలోగా పోర్ట్ బ్లెయిర్‌లో చేరాలి, చేరకపోతే తర్వాతివాళ్ళకి వెళ్ళిపోతుంది. మా ఇంట్లో ఆడపిల్లకి సర్కారు ఉద్యోగం అదే మొదలు. అక్క ఆ నెలంతా నేల మీద నడవలేదు. నాన్న కలకత్తా వెళ్ళి, పొద్దుటినుంచి వరసలో నిలబడి, అండమాన్ వెళ్ళే ఓడలో బెర్తు సంపాదించుకొచ్చారు.

ఆ ఆదివారం మావయ్య దిగాడు. టీ తాగుతూ ఓడ మాట విని, కప్పు కింద పెట్టేశాడు.

"ఓడేటి బావా! మూడు నాలుగు దినాలు వాంతులు సేసుకుంటా ఎల్తాదా నా మేనకోడలు? మరి నానెందుకున్నాను? సుట్టాలకియ్యడానికి ఏడాదికో పాసు ఇస్తాది మా నేషనల్ కేరియర్. టిఫినీ ఇక్కడ, బోజనం అక్కడ." చెయ్యి లేచింది.

"పోనీ టికెట్టు కొనేద్దుమురా, బెంగ ఉండదు" అంది అమ్మ.

"నా మేనకోడలు టికెట్టు కొని ఎక్కుతాదా? రేపు ఆపీసులో నా మొకం ఎక్కడెట్టుకోవాల అక్కా?"

నాన్న ఓడ బెర్తు రద్దు చేయించారు. ఎందుకు చేయించారో రైల్వే ఇంట్లో పుట్టినవాళ్ళకి తెలుస్తుంది. మాకు పాసంటే పాసే. బెర్తు లేకపోతే ట్రంకుపెట్టె మీద కూర్చుంటాం, తలుపు దగ్గర కూర్చుంటాం, మరీ తప్పకపోతే బండి చివర గార్డుగారి డబ్బాలో కూర్చుంటాం. చేతిలో పాసున్న మనిషి ప్లాట్‌ఫారం మీద మిగిలిపోవడం మేమెప్పుడూ చూడలేదు. విమానం పాసు అలాంటిది కాదు. డబ్బిచ్చి కొన్నవాళ్ళందరూ ఎక్కాక, సీటు మిగిలితేనే ఎక్కనిస్తారు. ఇది మావయ్యకి తెలుసు. పొద్దున్న లేస్తే ఆయన చేసే పనే అది. చెప్పలేదు. చెప్తే పాసు చిన్నదైపోతుంది, పాసు చిన్నదైతే ఆయనా చిన్నవాడైపోతాడు.

గడువుకి ముందే నాన్నా అక్కా వెళ్ళి ఆయన క్వార్టర్లో దిగారు. రోజూ తెల్లారి పెట్టె సర్దుకుని విమానాశ్రయానికి వెళ్ళడం, "లోడ్ చూసి చెప్తాను" అని ఆయన లోపలికి పోవడం, విమానం వెళ్ళిపోయాక తాపీగా బయటికొచ్చి "ఇయాల లోడ్ ఎక్కువున్నాది, రేపు పక్కా" అనడం. ఇదే వరస. లోడ్ అంటే వాళ్ళ భాషలో టికెట్ కొని ఎక్కేవాళ్ళ లెక్క. నాన్నకి మాత్రం గూడ్సు బండి లోడే తెలుసు. అది ఎక్కువైతే ఇంకో ఇంజను తగిలిస్తారు.

ఆఖరి రోజున నేనూ వెళ్ళాను. ఆ రోజు ఎక్కకపోతే గడువు దాటిపోతుంది. విమానం నిండిపోయిందన్నారు. నాన్న కౌంటర్ దగ్గరకి వెళ్ళి, అందరిముందూ, మెల్లగా అడిగారు.

"సీటు నేకపోతే ఏటిరా? తలుపు కాడ కూకుంటాది. రెండు గంటలే కదా. పోనీ అందులో గార్డు ఉంటాడు కదా, ఆడికి నాను సెప్తాను, ఆడి డబ్బాలో కూకోబెట్టీ."

మావయ్య నవ్వాడు. పక్క కౌంటర్లవాళ్ళకి అది ఇంగ్లీషులో చెప్పి, వాళ్ళతో కలిసి ఇంకోసారి నవ్వాడు. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు. నాన్న కూడా ఏం చెయ్యాలో తెలీక నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చివరి నిమిషంలో ఎవరో ఒకాయన రాలేదు. సీటు మిగిలింది. మావయ్య చెయ్యి ఊపితే అక్క పెట్టె ఎత్తి తూకం మీద పెట్టింది. ఆయన చీటీ కట్టాడు. నాన్న రెండు చేతులూ పైకెత్తి దణ్ణం పెట్టుకున్నారు. అంతలో సఫారీ సూటు వేసుకున్న మనిషి ఒకడు వచ్చాడు. మావయ్య పై అధికారికి బావమరిదట, అతనిదీ పాసే, అండమాన్ చూడ్డానికి షికారు వెళ్తున్నాడు. అతను ఏమీ అడగలేదు. ఊరికే వచ్చి నిలబడ్డాడు, అంతే. మావయ్య లేచి నిలబడి, అక్క పెట్టెకి కట్టిన చీటీ చర్రున లాగేసి, "వెల్‌కమ్ సర్" అన్నాడు.

తర్వాత మావైపు చూడకుండా అన్నాడు, "సీనియారిటీ ఉంటాది బావా. రూల్సు."

అక్క వెనక్కి వచ్చేటప్పుడు రైల్లో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చిరిగిన చీటీ ముక్క పెట్టె పిడికి ఇంకా అంటుకుని ఉంది. ఉద్యోగం వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. అక్క ఇక్కడే నిమ్‌పురాలో ఒక చిన్న ప్రైవేటు బళ్ళో చేరింది, ఇప్పటికీ అక్కడే చెప్తోంది. జీతం గురించి అడక్కండి. నాన్న పోయేదాకా ఒకటే మాట, "పాసంటే పాసే అనుకున్నానమ్మా." తప్పంతా తనదే అనుకుంటూ పోయారు.

మరి తప్పు చేసినవాడు? ఆ ఏడు మాతాపూజకి, అంటే మా కాలనీ అమ్మవారి పండగకి, ట్రాఫిక్ వచ్చి, పందిట్లో కుర్చీ వేసుకుని, "మా బావ విమానంలో గార్డు డబ్బా ఏదిరా అని అడిగినాడు!" అని కథగా చెప్పాడు. పందిరి పందిరంతా పడీ పడీ నవ్వింది. అక్క అక్కడే ప్రసాదం పంచుతోంది. ఆయన చేతిలో కూడా ఒక గరిటెడు పెట్టి ముందుకి వెళ్ళిపోయింది. నేనైతే మొహాన కొట్టేదాన్ని.

ఆ తర్వాత ఆ కంపెనీకి దిగుడు మొదలైంది. ప్రైవేటు విమానాలు వచ్చాయి. అవి బస్సు కంపెనీలు అన్నాడు మావయ్య. అవి టైముకి వెళ్తున్నాయి కదా అంటే, "తొందరపడీది ఇమానమేటి? నేషనల్ కేరియర్ ఎవల కోసవూ పరిగెట్టదు" అన్నాడు. జీతాలు నెల దాటి వస్తున్నా టై కట్టుకోవడం మానలేదు. రిటైరయ్యి, అత్త పోయాక, ట్రాఫిక్ చివర అద్దెకి దిగాడు. రైలు కంపు భరించలేనన్న మనిషికి ఆఖరికి యార్డు పక్కన ఇల్లే దొరికింది. కంపెనీ అమ్మేస్తున్నారని టీవీలో వచ్చినప్పుడు చూడ్డానికి వెళ్ళాను, నిజం చెప్పాలంటే ఆయన మొహం చూడ్డానికే వెళ్ళాను. సౌండు తీసేసి, బొమ్మ మాత్రం చూస్తున్నాడు.

"అమ్మనీ. కొన్నోడు మల్లీ మా కాల్ల కాడికే వస్తాడు. మాకు తెలిసిన పని ఆడికేటి తెలుస్తాది?" అన్నాడు.

ఏం పనయ్యా నీకు తెలిసింది? అని నోటిదాకా వచ్చింది. "టీ ఆర్ కాఫీ?" అన్నాడు. లేచి వచ్చేశాను.

పోయిన ఏడు గుండెకి ఆపరేషన్ అన్నారు. కూతురు హైదరాబాదులో ఆసుపత్రి మాట్లాడింది, తేదీ ఇచ్చారు. విమానం టికెట్ కొని పంపిస్తానంది. వద్దన్నాడు. "నాను టికెట్టు కొని ఎక్కడమేటి?" అన్నాడట. రిటైరైనవాళ్ళ పాసు పట్టుకుని, పాత టై కట్టుకుని డమ్‌డమ్ వెళ్ళాడు. కౌంటర్లో కొత్త యూనిఫారం అమ్మాయి చాలా మర్యాదగా, లోడ్ చూసి చెప్తానంది. సాయంత్రం దాకా కూర్చున్నాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. మూడో రోజు పొద్దున్నే హౌరాలో లోకల్ ఎక్కి, మొహం పాలిపోయి, పెట్టె ఈడ్చుకుంటూ ఖరగ్‌పూర్‌లో దిగాడు. ఆ మర్నాడే ఆసుపత్రిలో చేరాలి. అక్కకి ఫోన్ చేశాడు. నాకు కాదు. నేను ఎత్తనని తెలుసు.

అక్క బడి మధ్యలో వదిలేసి వచ్చింది. మధ్యాహ్నం హైదరాబాదు బండికి బెర్తు లేదు. వెయిటింగ్ టికెట్ నా చేత్తోనే కొట్టాను, తిట్టుకుంటూ కొట్టాను. ఆ బండి టీటీఈ మా ట్రాఫిక్ కుర్రాడే, అక్క దగ్గర చదువుకున్నాడు. అక్క వెళ్ళి అడిగింది.

"బెర్తు ఒక్కటీ నేదు టీచరమ్మా" అన్నాడతను. మావయ్య వైపు చూశాడు. "అయితే మాత్తరం, ఒంట్లో బాగోని మనిసిని ప్లాట్‌ఫారం మీద ఒగ్గేసి ఎల్తామేటి? నా సీట్లో కూకోబెట్టండి. బరంపురం కాడ ఒకటి కాళీ అవుతాది, అది రాసిస్తాను."

అక్క ఆయన్ని ఎక్కించి, శాలువా కప్పి, ఇడ్లీ డబ్బా, నీళ్ళ సీసా పక్కన పెట్టి దిగింది. ఎదురుగా ఎవరిదో పెద్ద ట్రంకుపెట్టె ఉంది. మావయ్య దాన్ని ఓసారి చేత్తో కాస్త కదిపి చూసి, "ఎక్సెస్ లగేజీ" అన్నాడు. బండి కదిలింది. కిటికీలోంచి అక్కని పిలిచాడు. ఇప్పుడైనా తప్పయిపోయిందన్న మాట అంటాడేమో అని నేను కూడా ఒక అడుగు ముందుకి వేశాను. ఆ ఒక్క మాట అంటే సగం మరిచిపోదామనుకున్నాను.

"సూసినావేటే? నన్ను సూడగానే సీటిచ్చినాడు. నేషనల్ కేరియర్ మనిసంటే ఇప్పటికీ ఆ మాత్తరం ఉన్నాది" అన్నాడు. అరచెయ్యి ఏటవాలుగా లేచింది.

"ఉన్నాది మావయ్యా. జాగరత్తగా ఎల్లు" అంది అక్క.

బండి వెళ్ళిపోయాక అక్కని కడిగేశాను. సిగ్గు లేదా నీకు, అన్నాను. ఆవిడ గొడుగు తెరుచుకుని, నాలుగో తరగతి లెక్కలు మిగిలిపోయాయంటూ బడికి వెళ్ళిపోయింది. ఆపరేషన్ బాగానే అయింది. ఆ తర్వాత కూతురి దగ్గరే కొన్నాళ్ళు బతికి, ఇదిగో ఇవాళ పోయాడు.

డ్యూటీ దిగి నిమ్‌పురా వెళ్ళి అక్కకి చెప్పాను. వసారాలో కూర్చుని పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతోంది. "పాపం" అంది. అంతే. ఇంకో రెండు పుస్తకాలు దిద్దింది. యార్డులో గూడ్సు బండి డబ్బాలు ఒకదానికొకటి గుద్దుకుంటున్న చప్పుడు వస్తోంది. తర్వాత తల ఎత్తకుండానే అంది.

"ఓడలో నాది కిటికీ కాడ బెర్తే, తెల్సా నీకు? సముద్రం కనిపించాలని నాన్న అడిగి మరీ ఏయించినారు."

ఇన్నేళ్ళలో ఆ ఓడ మాట అక్క నోట రావడం అదే మొదటిసారి. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఆయన కోసం కాదు.